మచ్చ టమాటాకు ఆరు లక్షల డ్రయ్యరా?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. గ్రేడింగ్‌లో పక్కన పడేసే మచ్చ, పగులు టమాటా కిలో 8 రూపాయలకు ఇస్తామంటున్నారు. ముక్కలు ఎండబెట్టి అమ్మాలనుకుంటున్నాను. ఒక వ్యాపారి ఎండిన ముక్కలు కిలో 550కి తీసుకుంటానన్నారు. ఎఫ్‌డీలో 2.5 లక్షలున్నాయి, ఇంటి ఖర్చు నెలకు 25 వేలు. 6 లక్షల డ్రయ్యర్ కోసం నగలు కుదువ పెట్టొచ్చా?

జవాబు: నగలు ముట్టుకోకండి. డ్రయ్యర్ కూడా ఇప్పుడే వద్దు, ముందు ఎండలోనే ఆరబెట్టండి.

ముందు 100 కిలోల లెక్క చూడండి. కుళ్లు, మెత్తదనం కోసి పారేస్తే 80 కిలోలు మిగులుతాయనుకుందాం. టమాటాలో 94 శాతం దాకా నీళ్లే, కాబట్టి ఎండాక చేతికొచ్చేది సుమారు 5.5 కిలోలు. కాయకు 800, ఇద్దరు కూలీలకు 800, ప్యాకింగ్, రవాణాకు 400 వేసుకుంటే మొత్తం 2,000. అంటే కిలో దాదాపు 365 పడుతుంది. 550కి పోతే లాభమే. అదే కాయ 25 రూపాయలైతే కిలో 670 దాటుతుంది. 550కి అమ్మితే ఖర్చు సరిపోయే గీత కాయ కిలో 18 రూపాయలు. కాయ ధర అంతకు మించిన రోజు కొనొద్దు.

ఆ రోజులు తప్పకుండా వస్తాయి. మంచి కాయ చవకైనప్పుడే మచ్చకాయ చవక. 2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లో కిలో వంద దాటినప్పుడు పగిలిన కాయ కూడా కూరకే పోయింది. సెప్టెంబరుకల్లా ధర కుప్పకూలింది. ఈఎంఐ మాత్రం ఏడాది పొడుగునా కట్టాలి. సొంతంగా 60 వేలు పెట్టి, 5.4 లక్షలు 11 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 11,740.

చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు కేంద్రం పెట్టిన పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద 35 శాతం సబ్సిడీ ఉంది కదా అంటారు. 6 లక్షలకు 2.1 లక్షలు. కానీ అది చేతికివ్వరు. మూడేళ్లు బ్యాంకులో విడిగా ఉంచి, అప్పు సక్రమంగా నడిస్తేనే జమ వేస్తారు. వాయిదాలు తప్పి ఖాతా మొండి బాకీ అయితే అదీ పోతుంది. దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ఈ పథకానికి దరఖాస్తుల్లో సాయపడే జిల్లా రిసోర్స్ పర్సన్‌ను అడగకుండా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వొద్దు. స్వయం సహాయక సంఘం సభ్యులకు మూలధనం కింద 40 వేల దాకా ఇచ్చే వెసులుబాటు ఇదే పథకంలో ఉంది, ముందు దాన్ని విచారించండి. 10 లక్షల లోపు సూక్ష్మ యూనిట్ రుణానికి బ్యాంకు తాకట్టు అడగకూడదు. ఇక నగలెందుకు?

మీ 2.5 లక్షల్లో 75 వేలు మూడు నెలల ఇంటి ఖర్చుకు, ఎఫ్‌డీలోనే. ట్రేలు, దోమతెర, కాటా, సీలింగ్ మిషన్‌కు 50 వేలు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్, ల్యాబ్ పరీక్ష, కవర్లకు 25 వేలు. మిగిలిన లక్ష కాయకూ కూలికీ. ధర పడిన వారాల్లో ఎక్కువ కొనగలగాలి, అందుకే ఇంత.

కాయ ఎంపికలో మొహమాటం వద్దు. వంకర, ఎండ మచ్చ, గీతలు పర్వాలేదు. పగులు అదే రోజుదైతే సరే, రాత్రి దాటితే పులుస్తుంది. బూజున్న కాయను అక్కడికి కోసి వాడొద్దు, మొత్తం పారేయండి. బూజు పైకి కనిపించిన దానికన్నా లోపలికి పాకి ఉంటుంది. ముక్క పావు అంగుళం మించొద్దు. ఎండాక విరగాలి. వంగితే లోపల తేమ ఉన్నట్టే, ప్యాకెట్లో నెల తిరక్కుండా బూజు పడుతుంది. తర్వాత డ్రయ్యర్ కొన్నా వేడి 60 డిగ్రీలు దాటనివ్వకండి. త్వరగా అవుతుందని పెంచితే పై పొర గట్టిపడి నీరు లోపలే ఇరుక్కుంటుంది.

చివరిగా ఆ 550. నోటిమాట మీద లక్ష రూపాయల సరుకు ఎండబెట్టొద్దు. 10 కిలోలు శాంపిల్‌గా ఇచ్చి డబ్బు తెచ్చుకోండి. తర్వాత ధర, నెలకు ఎన్ని కిలోలు, ఎన్ని రోజుల్లో చెల్లింపు అన్నది కాగితం మీద రాయించుకోండి. చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు అయిన ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, చేయించుకోండి. అలాంటి యూనిట్ల సరుకుకు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు మించకూడదని చట్టం. రెండు సీజన్లు ఇలా గడిచి, ఎండ చాలక ఆర్డర్లు వదులుకునే పరిస్థితి వస్తే, అప్పుడు డ్రయ్యర్ కొటేషన్ పంపండి, చూద్దాం.