ఆఫీసు టెన్షన్ రక్తనాళాల దాకా వెళ్తుందా?

సిగరెట్ లేదు, షుగర్ లేదు, అయినా ఒక్క ఆఫీసు టెన్షన్‌తోనే రక్తనాళాలు పాడవుతాయా అని అడిగారు. నా సంగతి చెప్తాను, మీరే చూడండి.

మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ టీమ్ లీడ్‌ని, వయసు 43. కూకట్‌పల్లిలో ఇంటి దగ్గరి క్లినిక్‌లో ఎప్పుడు చూపించుకున్నా బీపీ 126/80 దాటేది కాదు. నేనేమో హుషారుగా ఇంటికొచ్చేవాణ్ణి. వెళ్లేది ఎప్పుడూ ఆదివారం పొద్దున్నే అన్న సంగతి మాత్రం తట్టలేదు!

సాయంత్రమయ్యేసరికి తలనొప్పి. మా ఆవిడ పోరు పడలేక ఇంకో డాక్టర్‌గారి దగ్గరికి వెళ్తే 24 గంటల బీపీ మిషన్ పెట్టారు. చేతికి పట్టీ, నడుముకి చిన్న డబ్బా. పగలు 20 నిమిషాలకోసారి గుర్రుమని బిగుస్తుంది, అప్పుడు చెయ్యి కదపకూడదు. రాత్రి తొమ్మిదిన్నరకి అమెరికా వాళ్లతో కాల్. మమ్మల్ని అడక్కుండానే డెలివరీ తేదీ ఖాయం చేసేశామన్నారు. సరిగ్గా అప్పుడే పట్టీ బిగిసింది. రిపోర్టులో ఆ టైమ్‌కి ఎదురుగా 158/98. అదే రోజు మధ్యాహ్నం రెండు గంటలు మొండి బగ్ ఒకటి పట్టుకుని కుస్తీ పడ్డాను, అప్పుడు 128/82!

క్లినిక్‌లో బాగుండి బయట పెరిగే దీన్ని మాస్క్‌డ్ హైపర్‌టెన్షన్ అంటారు. పగటి సగటు 135/85 దాటితే బీపీ కిందే లెక్క. నాది 141/90.

టెన్షన్ పడితే అడ్రినలిన్ పెరిగి గుండె వేగంగా కొట్టుకుంటుంది, నాళాలు బిగుసుకుంటాయి. ఒక్క రోజుకి ఏమీ కాదు. ఏళ్ల తరబడి ఇదే తంతైతే నాళం లోపలి పొర దెబ్బతిని, కొవ్వు చేరి, గోడ గట్టిపడుతుంది. ఇక కాల్ అయ్యాక రాత్రి పదకొండింటికి తినే బిర్యానీ ఉండనే ఉంది.

2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో, యూరప్‌లో దాదాపు 2 లక్షల మంది ఉద్యోగుల లెక్కలు కలిపి చూసిన అధ్యయనం వచ్చింది. పని భారం ఎక్కువై, దాని మీద తమ మాట చెల్లనివాళ్లకి గుండెజబ్బు ముప్పు 23 శాతం ఎక్కువని తేలింది. సిగరెట్ చేసే నష్టం ముందు ఇది చిన్నదే. కానీ ‘మాట చెల్లకపోవడం’ అన్న ముక్క దగ్గరే నేను ఆగిపోయాను. నా రిపోర్టు చెప్పిందీ అదే కదా.

ఇప్పుడు రోజూ మాత్ర, పొద్దున నడక. మమ్మల్ని అడక్కుండా తేదీలు ఒప్పుకోవద్దని మేనేజర్‌గారితో మాట్లాడాను. సగం సార్లు వింటున్నారు.

మీరూ మోచేతి పైన కట్టే మిషన్ కొనుక్కుని, పని రోజుల్లో, ఆఫీసులోనే ఐదు నిమిషాలు కూర్చుని చూసుకోండి. మెట్లెక్కుతుంటే ఛాతీ పట్టేస్తే మాత్రం టెన్షన్ అని సర్దిచెప్పుకోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నా మిషన్ ఆఫీసు డ్రాయర్‌లోనే ఉండేది. పోయిన వారం మేనేజర్‌గారు అడిగి తీసుకున్నారు, ఇంకా తిరిగివ్వలేదు.