అంచనా పక్కన అసలు ఖర్చు రాస్తున్నారా?

ప్రాజెక్టు ఖర్చుల అంచనా గురించి వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాను. నిర్మాణ పనుల్లో పరిమాణాల లెక్కలు కట్టడంతో నా ఉద్యోగం మొదలైంది. ఆ తర్వాత చాలాకాలం సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుల అంచనాలు పరిశీలించాను. రంగాలు వేరైనా, లెక్క తప్పే చోట్లు మాత్రం దాదాపు ఒకటే.

ప్రశ్న: మేడమ్, మొదటిసారి నాకొక ప్రాజెక్టు అప్పగించి ఖర్చు అంచనా వేయమన్నారు. వెతికితే బోలెడన్ని టెంప్లేట్లు దొరికాయి. కొన్నిటిలో పది వరుసలే, కొన్నిటిలో రెండు వందలు. ఏది వాడాలి?

జవాబు: వరుసల సంగతి తర్వాత, ముందు కాలమ్‌లు చూడండి. పని పేరు, పరిమాణం, యూనిట్, యూనిట్‌కు రేటు, మొత్తం. ఈ అయిదూ విడివిడిగా లేని టెంప్లేట్‌ను పక్కన పెట్టేయండి. ‘టెస్టింగ్: మొత్తం ఇంత’ అని లంప్‌సమ్‌గా ఒకే అంకె వేస్తే, రేపు ఖర్చు పెరిగినప్పుడు పని పెరిగిందో రేటు పెరిగిందో ఎవరూ చెప్పలేరు. అలాంటి వరుసలు ఎక్కువగా ఉన్న ఫైల్‌ను నేను వెనక్కి పంపించేదాన్ని.

ఈ అయిదింటికీ మీరు మరో రెండు కాలమ్‌లు చేర్చుకోవాలి. ఒకటి ‘ఆధారం’. రేటు ఎక్కడి నుంచి వచ్చింది? సరఫరాదారు కొటేషనా, పాత ప్రాజెక్టా, ఎవరైనా అనుభవంతో చెప్పిన మాటా? కొటేషన్ అయితే దాని తేదీ, ఎంతవరకు చెల్లుతుందో కూడా రాయండి. రెండోది ‘అసలు ఖర్చు’. డౌన్‌లోడ్ చేసే టెంప్లేట్లలో ఇది చాలా అరుదు. పని పూర్తయ్యాక ఆ గడి నింపితేనే మీ తర్వాతి అంచనాకు పునాది ఉంటుంది. రేట్లు మార్కెట్లో దొరుకుతాయి. మీ బృందం ఏ పనికి ఎంత సమయం తీసుకుంటుందో మాత్రం మీ పాత ఫైళ్ళే చెప్పాలి.

ఇంకో మాట. టెంప్లేట్ తెరిచి పైనుంచి కిందికి నింపుకుంటూ పోకండి. ముందు ఖాళీ కాగితం మీద, చివరికి మీరు అప్పగించాల్సినవి ఏమిటో రాసి, ఒక్కోదాన్ని చిన్న పనులుగా విడగొట్టండి. 1962లో అమెరికా రక్షణ శాఖ, నాసా కలిసి విడుదల చేసిన మార్గదర్శి చెప్పిన పద్ధతి కూడా ఇదే: పనిని కాక, తయారై చేతికి రావలసిన వస్తువును పట్టుకుని విడగొట్టుకుంటూ రావడం. ఎంతవరకు విడగొట్టాలంటే, ‘ఇది ఎవరు చేస్తారు, ఎంత పరిమాణం’ అన్న రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పగలిగేవరకు. అప్పుడు టెంప్లేట్ తెరిచి, మీరు మరిచినవి అందులో ఏమున్నాయో చూడండి. టెంప్లేట్ అసలు ఉపయోగం అక్కడే. మనుషులు మరిచేవి ఎప్పుడూ అవే: అనుమతులు, రవాణా, పాత డేటాను కొత్త వ్యవస్థలోకి మార్చడం, వాడేవాళ్ళకు శిక్షణ, లోపాలు దిద్ది మళ్ళీ పరీక్షించడం, అప్పగించాక కొన్ని నెలల పాటు వచ్చే ఫోన్లు, వీటన్నిటినీ సమన్వయం చేసే మనిషి సమయం.

ప్రశ్న: మాది చిన్న సాఫ్ట్‌వేర్ బృందం. క్లయింట్‌తో మొదటి మీటింగ్ అవగానే మా డైరెక్టర్ ‘ఒక్క నంబర్ చెప్పు చాలు’ అంటారు. ఏదో ఒకటి చెబితే ఇక అదే ఖాయం. ప్రతిసారీ టెన్షనే.

జవాబు: మీ టెన్షన్ న్యాయమైనదే. ఏం కట్టాలో తేలకముందు ఒక్క నంబర్ చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. రసాయనాలు, చమురు శుద్ధి లాంటి ప్రాసెస్ పరిశ్రమల కోసం, ఖర్చుల అంచనా నిపుణుల సంఘమైన ఏఏసీఈ ఇంటర్నేషనల్ అంచనాలను అయిదు తరగతులుగా విభజించింది. ఆలోచన దశలో వేసే క్లాస్ 5 అంచనా విషయంలో, అసలు ఖర్చు 50 శాతం దాకా తగ్గవచ్చు, 100 శాతం దాకా పెరగవచ్చు అని ఆ వర్గీకరణే ఒప్పుకుంటుంది. డిజైన్ దాదాపు పూర్తయ్యాక వేసే క్లాస్ 1లో కూడా ఆ పరిధి మైనస్ 10, ప్లస్ 15 దాకా ఉంటుంది.

ఈ పరిధి రోజులు గడిచినంత మాత్రాన తగ్గదు, నిర్ణయాలు జరిగితేనే తగ్గుతుంది. సిడ్నీ ఒపెరా హౌస్‌కు 1957లో వేసిన అంచనా 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు సమానం. 1973లో పూర్తయ్యేసరికి ఖర్చు 10.2 కోట్లు. పైకప్పును ఎలా కట్టాలో తేలకుండానే 1959లో పునాది పని మొదలుపెట్టారు. ఆ కప్పు బరువు మోయడానికి కింద వేసిన స్తంభాలు చాలక, వాటిని మళ్ళీ కట్టాల్సి వచ్చింది. అంచనా వేసినవాళ్ళు కూడికలో తప్పు చేశారనుకోను. నిర్ణయం కాని వస్తువుకు వాళ్ళు ధర చెప్పారు.

అందుకే మీ డైరెక్టర్‌తో ఇలా అనండి: ‘సార్, ఇప్పుడున్న సమాచారంతో ఇంత నుంచి ఇంత. ఈ మూడు ప్రశ్నలకు క్లయింట్ జవాబిస్తే ఫలానా తేదీకి పరిధి సగానికి తగ్గించి ఇస్తాను.’ ప్రశ్నలు చేతిలో పెడితే ఆయనకు కూడా క్లయింట్‌తో మాట్లాడటానికి ఒక దారి దొరుకుతుంది.

లోపల లెక్కకు మూడు అంకెల పద్ధతి వాడండి. 1958 ప్రాంతంలో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కార్యక్రమం కోసం తయారుచేసుకున్న పెర్ట్ అనే ప్రణాళికా పద్ధతి నుంచి వచ్చింది ఇది. ఒక పనికి అన్నీ కలిసొస్తే 20 గంటలు, మామూలుగా 30, అడ్డం తిరిగితే 70 అనుకుందాం. మధ్య అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించండి. 35 గంటల సగటు వస్తుంది. ఇలాంటి పనులు పది ఉంటే? ‘మామూలుగా 30’ అన్నవి కూడితే 300. సగటులు కూడితే 350. ఏ ఒక్కరూ అబద్ధం చెప్పకపోయినా మొత్తంలో 50 గంటలు ఎందుకు తగ్గుతాయో ఇక్కడ కనిపిస్తుంది. ఆలస్యానికి ఉన్నంత చోటు తొందరగా ముగియడానికి ఉండదు కదా.

అలాగని అన్నిటి గరిష్ఠాలూ కూడి 700 గంటలు చెప్పక్కర్లేదు. పదీ ఒకేసారి అడ్డం తిరగడం అరుదు. ఒక్కో పనికి గరిష్ఠం నుంచి కనిష్ఠం తీసేసి ఆరుతో భాగిస్తే 8.3 గంటల ఊగిసలాట వస్తుంది. పది పనులకు దాన్ని పదితో కాకుండా, పదికి వర్గమూలమైన 3.16తో గుణించాలి. సుమారు 26 గంటలు. అంటే 350కి అటూ ఇటూ 26. కానీ ఒక షరతు: పనులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివై ఉండాలి. పదీ ఒకే మనిషి చేతిలో ఉంటే, ఆ మనిషి జబ్బుపడితే పదీ ఆగుతాయి. అప్పుడు ఈ 26ను నమ్మకండి.

ప్రశ్న: మా బృందం చెప్పే గంటలు ఎప్పుడూ తక్కువే పడతాయి. మా సీనియర్ ‘ఎవరేం చెప్పినా రెండింతలు చేసెయ్’ అంటారు. ఇది సరైనదేనా?

జవాబు: రోగం ఉందన్న మాట నిజం, మందు మాత్రం సరికాదు. తక్కువ అంచనా వేయడం మీ బృందానికే ఉన్న లోపం అనుకోకండి. మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే దీని గురించి రాశారు. 1994లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో సైకాలజీ విద్యార్థులను వాళ్ళ థీసిస్ ఎన్ని రోజుల్లో పూర్తవుతుందని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే? దాదాపు 49 అన్నారు. నిజంగా పట్టింది 55కు పైనే. వాళ్ళు ఊహించిన గడ్డు పరిస్థితి కన్నా మామూలు వాస్తవమే ఎక్కువైంది! ఇది చదివాక, మూడు అంకెల్లో గరిష్ఠాన్ని నేను ఎవరినీ ఆలోచించి చెప్పమనలేదు. పాత ఫైల్ తీసి చూసి చెప్పమనేదాన్ని.

మీరూ అదే చేయండి. పూర్తయిన ప్రాజెక్టులు మూడో నాలుగో తీసుకోండి. ఒకదానికి 200 గంటలనుకుంటే 270 పట్టింది, నిష్పత్తి 1.35. ఇంకోటి 320 అనుకుంటే 400, అది 1.25. మరోటి 150 అనుకుంటే 240, అది 1.6. వరుసలో పెడితే మధ్యది 1.35. కొత్త పనికి మీ వాళ్ళు 300 గంటలంటే 1.35 చొప్పున మీ అంచనా 405, చెడ్డ రోజులు వస్తే 1.6 చొప్పున 480. ‘రెండింతలు’ అంటే మీటింగ్‌లో నిలబడి సమర్థించుకోలేరు, ఈ 405కు మాత్రం మీ దగ్గర సాక్ష్యం ఉంది. ఈ తరహా ఆలోచననే డెన్మార్క్‌కు చెందిన పరిశోధకుడు బెంట్ ఫ్లూబ్యా భారీ నిర్మాణాలకు అన్వయించారు. చిన్న బృందానికి మూడు పాత ఫైళ్ళతో మొదలుపెట్టినా చాలు, ప్రతి ప్రాజెక్టుతోనూ ఆ జాబితా గట్టిపడుతుంది.

రెండింతల పద్ధతిలో నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఇంకోటుంది. ప్రతి వరుసలో రహస్యంగా కొంత కలిపితే పైవాళ్ళు కనిపెట్టి కోసేస్తారు. మరుసటిసారి వీళ్ళు ఇంకొంచెం కలుపుతారు. కొన్నాళ్ళకు ఆ ఆఫీసులో అంచనా అన్న మాటకే విలువ పోతుంది. నిజాయితీగా లెక్క కట్టినవాళ్ళ అంకెల్లోనూ కోత పడుతుంది. అనుకోని ఖర్చుకు డబ్బు కావాలి, తప్పదు. దాన్ని కంటింజెన్సీ అని ప్రత్యేక వరుసలో, ఏ రిస్కుల కోసమో పేర్లు రాసి, ఎవరి అనుమతితో వాడాలో చెప్పి, అందరికీ కనిపించేలా పెట్టండి.

ప్రశ్న: షీట్ పెద్దదయ్యేకొద్దీ చివరి మొత్తం మీద నాకు నమ్మకం తగ్గిపోతోంది. ఎలా సరిచూసుకోవాలి?

జవాబు: ఆ అనుమానాన్ని వదలకండి. 2003లో కెనడా విద్యుత్ సంస్థ ట్రాన్స్‌ఆల్టా ఒక స్ప్రెడ్‌షీట్‌లో కట్-పేస్ట్ చేసినప్పుడు వరుసలు తారుమారై బిడ్లు తప్పుగా వెళ్ళాయి. నష్టం 2.4 కోట్ల అమెరికన్ డాలర్లు.

ముందు మొత్తం ఉన్న సెల్ మీద ఎఫ్2 నొక్కండి. ఫార్ములా ఏ వరుస నుంచి ఏ వరుస దాకా వెళ్ళిందో రంగు గీతలో కనిపిస్తుంది. అడుగున కొత్తగా చేర్చిన వరుస ఒక్కోసారి దాని బయటే ఉండిపోతుంది. తర్వాత, ఎడమవైపు అంటుకుని ఉన్న అంకెలు ఏమైనా ఉన్నాయేమో చూడండి. వేరే ఫైల్ నుంచి కాపీ చేసినప్పుడు అవి అక్షరాలుగా వచ్చి ఉండొచ్చు. సమ్ ఫార్ములా వాటిని కలపదు, కలపలేదని చెప్పదు కూడా. దాచిన వరుసలను మాత్రం నిశ్శబ్దంగా కలిపేస్తుంది. విభాగాల మొత్తాలకూ, చివరి మొత్తానికీ సమ్ బదులు సబ్‌టోటల్ వాడితే చివరి కూడికలో అవే మళ్ళీ కలిసి రెండుసార్లు లెక్కకు రావు. ఇవన్నీ అయ్యాక, షీట్ చూడకుండా పెద్ద విభాగాలు నాలుగైదింటిని కాలిక్యులేటర్‌తో వేరే మనిషి చేత లెక్కకట్టించండి. మీరు రాసింది మీరే చూసుకుంటే కన్ను జారిపోతుంది.

ప్రశ్న: అంచనాలకు ఎక్సెల్ సరిపోతుందా, ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కొనాలా?

జవాబు: ఒకరిద్దరు వాడే ఫైల్‌కు ఎక్సెల్ చాలు, ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ కాల్క్ అయినా చాలు. ఒకే రేటు అనేక ప్రాజెక్టుల్లో మారాల్సి వచ్చినప్పుడు, నలుగురైదుగురు ఒకేసారి మార్పులు చేస్తున్నప్పుడు కొనడం గురించి ఆలోచించండి. పాత అసలు ఖర్చులు చేతిలో లేకుండా కొంటే మాత్రం ఖరీదైన ఖాళీ గడులు వస్తాయి.

ప్రశ్న: అంచనా పంపగానే క్లయింట్ పది శాతం తగ్గించమంటారు. ఒప్పుకోనా?

జవాబు: ముందు మీ లాభం ఎలా లెక్కగట్టారో చూసుకోండి. ఖర్చు 100 అయితే దానికి 20 శాతం కలిపి 120 చెప్పారనుకుందాం. అమ్మకం ధరలో లాభం వాటా, అంటే మార్జిన్, 20 శాతం కాదు, 16.7 శాతమే. నిజంగా 20 శాతం కావాలంటే 100ను 0.8తో భాగించి 125 చెప్పాలి. ఇప్పుడు 120 మీద పది శాతం వదులుకుంటే మీ చేతికి వచ్చేది 108. లాభం 20 నుంచి 8కి పడింది, అంటే సగానికన్నా ఎక్కువే పోయింది.

కాబట్టి అదే పనికి తక్కువ గంటలు రాసి అంకె తగ్గించకండి. ఆ గంటలు తర్వాత మీ వాళ్ళ సెలవు రోజుల్లోంచి వస్తాయి. ఏ పని తీసేస్తే ఎంత తగ్గుతుందో వరుసల వారీగా చూపించి, ఎంచుకోమని క్లయింట్‌నే అడగండి. వాళ్ళు వద్దన్న ప్రతి పనినీ ‘ఇందులో లేనివి’ అన్న జాబితాలోకి మార్చి, కొత్త తేదీతో ఫైల్ మళ్ళీ పంపండి. పాతది చెరపకుండా పక్కనే ఉంచుకోండి.