గరుకు టైల్స్‌పై తెల్లని పొర

ప్రశ్న: మాది అనంతపురం. వసారాలోని గరుకు సిరామిక్ టైల్స్‌ను బోరు నీళ్లతో రోజూ తుడుస్తున్నా తెల్లని పొర, గుంటల్లో మట్టి పోవడం లేదు. యాసిడ్ పోయవచ్చునా?

జవాబు: యాసిడ్ వద్దండి. అది టైల్స్ మధ్యనున్న సిమెంటును తినేస్తుంది. బ్లీచింగ్ పౌడరుతో కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. గరుకు నేలపై తడిగుడ్డ మట్టిని ఎత్తదు, గుంటల్లోకి నెడుతుంది. అందుచేత ముందుగా పొడిగా ఊడ్చి, డిటర్జెంటు కలిపిన గోరువెచ్చని నీటిని పోసి, 10 నిమిషాలు నాననిచ్చి, ప్లాస్టిక్ బ్రష్‌తో నిలువుగానూ అడ్డంగానూ రుద్ది, మురికి ఆరకముందే కడిగేయండి. తెల్లని పొర బోరు నీటిలోని కాల్షియం లవణాల వల్ల ఏర్పడేదే. వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి, పొర ఉన్నచోట మాత్రమే 5 నిమిషాలు ఉంచి, రుద్ది, బాగా కడగండి. మన ఎండలకు నీళ్లు ఇట్టే ఆరిపోయి లవణాలు మళ్లీ మిగులుతాయి కనుక, కడిగిన వెంటనే పొడిగుడ్డతో ఒత్తడం మాత్రం మరవకండి.