అటకెక్కిన లక్కపిడతలు

ప్రశ్న: మేడమ్, నమస్తే. మా పాపకు ఏడేళ్లు, బాబుకు నాలుగేళ్లు. పాపకని ఏటికొప్పాకలో కొన్న లక్కపిడతలను ఇప్పుడు బాబే వదలడు. అక్క గాజులు వేసుకుని, వండి అందరికీ వడ్డిస్తాడు. “మగపిల్లాడికి ఈ ఆడంగి ఆటలేంటి?” అని మా అత్తగారు గొడవ. మా వారు ఆ బుట్ట అటక మీద పెట్టేసి, రిమోట్ కారు కొనిచ్చారు. వాడు దాన్ని ముట్టుకోవడం లేదు. పెద్దయ్యాక ఏమవుతాడోనని నాకూ టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, ముందు ఆ బుట్ట కిందికి దించండి. ఏ తప్పూ చేయని పిల్లాడికి శిక్ష పడింది.

ఈ వయసు పిల్లలు ఇంట్లో ఏది చూస్తే అదే ఆడతారు. నేను చాలా ఏళ్లు నర్సరీ పిల్లలకు చెప్పాను. మా క్లాసులో ఒక బాబు ఉత్తుత్తి అన్నం వడ్డిస్తూ, పక్క పాప వద్దంటున్నా “ఇంకొక్క ముద్ద, కడుపు మాడ్చుకోకూడదు” అనేవాడు. అచ్చం వాళ్ల నానమ్మ మాట, అదే రాగం! ఉన్నది అందరికీ సరిపోయేలా పెట్టడం, తన వంతు వచ్చేదాకా ఆగడం వాడికి ఆ బుల్లి గిన్నెల దగ్గరే వచ్చాయి. మగపిల్లలకు ఇవి అక్కర్లేదా?

గాజులు వేసుకున్నంత మాత్రాన పిల్లల స్వభావం మారిపోదు. చేతికి కారు ఇచ్చినా మారదు. నా భయమల్లా ఒకటే. ఇష్టమైనది దాచుకోవడం ఇప్పుడే అలవాటైతే, రేపు బడిలో ఎవరైనా ఏడిపించినా మీతో చెప్పడు.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. మీ వారి చిన్ననాటి ఫొటోలు చూపించమని అడగండి. పుట్టువెంట్రుకలు తీయించే ముందు మగపిల్లాడికి జడ వేసి, పూలు పెట్టి, పరికిణీ కట్టి ఫొటో తీయించడం మనలో చాలా ఇళ్లలో ఉన్నదే. అలాంటిది ఉంటే ఆవిడే మురిసిపోతూ చూపిస్తారు. కూచిపూడి సత్యభామగా వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఎంత పేరు తెచ్చుకున్నారో కూడా ఆవిడకు తెలిసే ఉంటుంది. ఇక మీ వారు కంచం పట్టుకుని వాడి ముందు కూర్చుని “నాకు రెండు దోసెలు” అంటే చాలు.

పాప సంగతి మీరు రాయలేదు. ఆ కారు పాపకూ ఇచ్చారా? పార్కులో నెట్ గౌను వేసుకున్న పిల్ల జారుడుబండ ఎక్కబోతే “చిరుగుతుంది, దిగు” అనే తల్లులను చూస్తుంటాను. ప్రాణం ఉసూరుమంటుంది. ఆ నెట్టు నడుము దగ్గర గీరుకుంటుంది. ఏరుకున్న గులకరాయి దాచుకుందామంటే జేబైనా ఉండదు. ఆటకు కాటన్ నిక్కరు, చొక్కా వేయండి. గౌనే కావాలంటే లోపల నిక్కరు వేసి ఎక్కనివ్వండి.

ఈసారి పండగ బట్టలకు ఇద్దరినీ తీసుకెళ్లి, ఆడపిల్లలవీ మగపిల్లలవీ అన్నీ చూపించండి. ధర, గుడ్డ మీరు చూసుకోండి. రంగు మాత్రం వాళ్లనే ఎంచుకోనివ్వండి.