సీబీపీ నార్మల్‌గా ఉంటే క్యాన్సర్ మాత్ర ఆపవచ్చా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా టంగుటూరు దగ్గర పల్లె. మా నాన్నగారి వయసు 54. మూడేళ్ళ క్రితం ఆయనకు సీఎంఎల్ అనే రక్త క్యాన్సర్ ఉన్నట్లు తేలింది. అప్పటి నుంచి ఇమాటినిబ్ 400 మాత్ర వాడుతున్నారు. నేను ఒంగోలులో బీఎస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. ఈ జబ్బులో రెండు క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయని జానెట్ రౌలీ అనే శాస్త్రవేత్త కనిపెట్టినట్లు చదివాను. లోపం జన్యువుల్లోనే ఉంటే అది నాకూ, మా అక్కకూ వస్తుందా? అక్కకు సంబంధాలు చూస్తున్నాం. మేమిద్దరం జన్యు పరీక్ష చేయించుకోవాలా? జన్యువును సరిదిద్దే చికిత్స ఏదైనా వచ్చిందా? నాన్నగారికి ఏడాదిగా రక్త పరీక్షలన్నీ నార్మల్‌గా వస్తున్నాయి. పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్ పనిలో వాంతులు అవుతున్నాయని సంక్రాంతి నుంచి మాత్ర సరిగా వేసుకోవడం లేదు. తెలిసినవారు ఇచ్చిన ఆకుల పొడి వాడుతున్నారు.
ఒక పాఠకుడు

సమాధానం: మీ ప్రశ్నలు మంచివే, వాటికి జవాబు చెబుతాను. కానీ మీరు ఉత్తరం చివర మామూలుగా రాసేసిన రెండు వాక్యాలే నన్ను ఎక్కువ కలవరపెట్టాయి. మాత్ర సరిగా వేసుకోవడం లేదు. ఆకుల పొడి వాడుతున్నారు. ముందు ఈ సంగతి చూద్దాం.

సరిగా వేసుకోవడం లేదంటే ఎంత? వారానికి ఒకటి తప్పుతోందా, లేక వారానికి ఒకటే వేసుకుంటున్నారా? ఇంట్లో మిగిలిన మాత్రలు లెక్కపెట్టండి. మందుల షాపు బిల్లుల మీది తేదీలు చూడండి. నాన్నగారిని నిలదీయకుండా, నెమ్మదిగా కూర్చోబెట్టి అడగండి. కోప్పడితే రోజూ వేసుకుంటున్నాననే చెబుతారు. ఆ లెక్క ఒక కాగితం మీద రాసుకుని, ఆయనకు చికిత్స చేస్తున్న క్యాన్సర్ వైద్యుడికి రేపు ఉదయమే ఫోన్ చేయండి. మాత్ర మళ్ళీ ఎలా కొనసాగించాలో ఆ వైద్యుడే చెప్పాలి. మనిషిని చూడకుండా, రిపోర్టులు చూడకుండా నేను ఇక్కడ మోతాదు రాయడం సరికాదు. ఒక్క మాట మాత్రం చెప్పగలను. తప్పిపోయిన మాత్రలకు బదులుగా రెండేసి వేసుకోకూడదు.

ఇక రక్త పరీక్షలన్నీ నార్మల్ అన్నారు. ఏ పరీక్ష? నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది సీబీపీ, అంటే రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష, కాగితం చూపించి జబ్బు పోయిందంటారు. లక్ష దాటిన తెల్లకణాలు ఏడెనిమిది వేలకు దిగితే సంతోషించవలసిందే. కానీ సీబీపీ పూర్తిగా నార్మల్‌గా ఉన్న రోజున కూడా ఒంట్లో వేల కోట్ల క్యాన్సర్ కణాలు మిగిలి ఉండవచ్చు. సీబీపీకి అవి కనిపించవు. వాటిని పట్టుకునేది, ఈ జబ్బుకు కారణమైన అతుకు జన్యువు రక్తంలో ఎంత ఉందో కొలిచే బీసీఆర్-ఏబీఎల్ పీసీఆర్ పరీక్ష. దాని ఫలితం శాతంలో వస్తుంది. అంతర్జాతీయ కొలమానంలో చికిత్స మొదలైన మూడు నెలలకు 10 శాతానికి, ఆరు నెలలకు 1 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి మించకుండా ఉండాలని చూస్తాం. ఆ తర్వాత కూడా మూడు నెలలకోసారి చేస్తూ ఉండాలి, బాగా అదుపులో ఉంటే కొందరికి వ్యవధి పెంచుతారు. మీ నాన్నగారికి ఈ పరీక్ష ఎప్పుడు చేశారో మీరు రాయలేదు. సంక్రాంతికి ముందు చేసిందైతే ఇప్పటి పరిస్థితి అందులో ఉండదు.

మీరు చదివిన రౌలీ పరిశోధన అర్థమైతే, మాత్ర రోజూ ఎందుకు పడాలో కూడా అర్థమవుతుంది. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు ఈ రోగుల కణాల్లో మామూలు కంటే పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోమును చూశారు. తగ్గిన ముక్క ఏమైందో అప్పట్లో తేలలేదు. షికాగోలో పనిచేసిన రౌలీ రంగు పట్టీలు కనిపించేలా తీసిన క్రోమోజోముల ఫొటోలను ఇంటికి తెచ్చుకుని, కత్తిరించి, భోజనాల బల్ల మీద జతలు జతలుగా పేర్చి పరిశీలించేవారు. అప్పటికి ఆమె నలుగురు పిల్లల తల్లి. 22వ క్రోమోజోము ముక్క ఎక్కడికీ పోలేదని, 9వ క్రోమోజోముతో మార్పిడి జరిగిందని ఆమె 1973లో ప్రకటించారు. క్రోమోజోముల్లో కనిపించే తేడాలు క్యాన్సర్ వచ్చాక ఏర్పడే గందరగోళమేనని అప్పట్లో చాలామంది నమ్మేవారు. అవే క్యాన్సర్‌కు కారణం కావచ్చన్న ఆలోచనకు ఆమె పని గట్టి బలం ఇచ్చింది.

ఆ మార్పిడిలో ఏబీఎల్ జన్యువు వెళ్ళి బీసీఆర్ జన్యువుకు అతుక్కుంటుందని 1980లలో తేలింది. ఏబీఎల్ తయారుచేసే ప్రొటీన్ టైరోసిన్ కైనేజ్ జాతికి చెందింది. అది కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఒక ఫాస్ఫేట్ తీసుకుని వేరే ప్రొటీన్లకు తగిలిస్తుంది. కణం విభజన చెందాలన్న సంకేతం అలా ఒకదాని నుంచి మరొకదానికి అందుతుంది. మామూలుగా ఈ పని అవసరం ఉన్నప్పుడే జరిగి ఆగిపోతుంది. అతుకు పడిన బీసీఆర్-ఏబీఎల్ మాత్రం, స్విచ్ ఆన్‌లోనే బిగుసుకుపోయిన బోరు మోటారులా, ఆగదు. ఎముక మజ్జలో తెల్లకణాలు అదుపు లేకుండా పుట్టుకొస్తాయి. ఏటీపీ చేరవలసిన గాడిలో ఇమాటినిబ్ ముందే చేరి ఆ సంకేతాన్ని ఆపుతుంది. బ్రయాన్ డ్రూకర్ బృందం 1998లో దీన్ని రోగులకు ఇచ్చి చూడటం మొదలుపెట్టింది. 2001 మే నెలలో అమెరికాలో అనుమతి వచ్చింది. అంతకుముందు ఈ జబ్బుకు ఉన్నవి ప్రధానంగా ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు, దాత కుదిరితే మజ్జ మార్పిడి.

గమనించండి, మాత్ర జన్యువును సరిచేయదు. అతుకు అలాగే ఉంటుంది, దాని నుంచి వచ్చే సంకేతం మాత్రమే ఆగుతుంది. అదీ మందు రక్తంలో ఉన్నంత సేపే. ఇమాటినిబ్ దాదాపు 18 గంటల్లో సగానికి తగ్గిపోతుంది. అందుకే రోజూ పడాలి. లండన్‌లోని హామర్‌స్మిత్ ఆసుపత్రి వైద్యులు 87 మంది రోగులకు మూత తీసినప్పుడల్లా నమోదు చేసే మందు సీసాలు ఇచ్చి మూడు నెలలు చూశారు. వారందరూ అప్పటికే కొన్నేళ్ళుగా మందు వాడుతున్నవారు. 2010లో ఆ ఫలితాలు వచ్చాయి. 90 శాతానికి పైగా మాత్రలు వేసుకున్నవారిలో దాదాపు 94 శాతం మందికి పీసీఆర్ 0.1 శాతం స్థాయికి దిగింది. అంతకంటే తక్కువ వేసుకున్నవారిలో అది 28 శాతమే. 90 శాతం అంటే నెలకు మూడు మాత్రలు తప్పడం. మీ నాన్నగారు సంక్రాంతి నుంచి నెలకు మూడే తప్పించి ఉంటారని మీరు అనుకుంటున్నారా?

మందు అందని రోజుల్లో కణాలు పెరుగుతాయి. పెరిగే కణాల్లో కొత్త మార్పులు పుట్టవచ్చు. టీ315ఐ అనే మార్పు వస్తే ఇమాటినిబ్ ఆ గాడిలో పట్టదు, దాని తర్వాత వాడే డాసాటినిబ్, నిలోటినిబ్ కూడా పనిచేయవు. వేరే ఖరీదైన మందులకు వెళ్ళాలి. జబ్బు ముదిరి, ఎదగని తెల్లకణాలు విపరీతంగా పెరిగే బ్లాస్ట్ దశకు చేరితే చికిత్స చాలా కష్టం. మీ నాన్నగారికి ఇలా జరిగిందని నేను అనడం లేదు. పీసీఆర్ పెరిగి ఉంటే ఇలాంటి మార్పులను వెతికే మ్యుటేషన్ పరీక్ష అవసరమా అని ఆయన వైద్యుడిని తప్పక అడగండి.

వాంతుల విషయానికి వద్దాం. ఇమాటినిబ్‌తో వికారం రావడం నిజమే. పరగడుపున వేసుకుంటే ఎక్కువ. రోజులో పెద్ద భోజనంతో పాటు, నిండు గ్లాసు నీళ్ళతో వేసుకుంటే చాలామందికి తగ్గుతుంది. కానీ మీరు రాసింది బ్యారన్ పనిలో వాంతులని. పొగాకు రైతులను చూసే వైద్యుడిగా నాకు ఇంకో అనుమానం ఉంది. మంచుకు తడిసిన పచ్చాకును కోసి, చంకలో పెట్టుకుని మోసి, కర్రలకు కట్టేటప్పుడు ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి వెళుతుంది. కొన్ని గంటల్లో తల తిరగడం, తలనొప్పి, వాంతులు వస్తాయి. పని ఆపితే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. పొగ తాగనివారికీ ఇది వస్తుంది. మీ నాన్నగారి వాంతులు మాత్ర వేసుకున్న గంటకు వస్తున్నాయా, పచ్చాకు ముట్టుకున్న రోజునే వస్తున్నాయా? మాత్ర మానేసిన రోజుల్లో కూడా వచ్చాయా? వచ్చి ఉంటే నేరం మాత్రది కాదు. మంచు ఆరాక ఆకు కోయడం, పొడుగు చేతుల చొక్కా, చేతికి తొడుగులు, తడిసిన బట్టలు వెంటనే మార్చడం, సబ్బుతో చేతులు కడుక్కోవడం ఇందుకు ఉపాయాలు. ఆయన ఈ జబ్బుతో ఉండగా రాత్రంతా పొయ్యి దగ్గర మేలుకుని కూర్చోవడం కూడా నాకు ఇష్టం లేదు. ఈ సీజన్‌కు ఆ పని మీరో, కూలి మనిషో చూసుకోండి.

కళ్ళ కింద ఉబ్బు, పిక్కలు పట్టేయడం, ఒంటి రంగు కాస్త తేలడం కూడా ఈ మందుతో కనిపిస్తాయి. ఇవి చూసి భయపడి మానేసేవారున్నారు. చెబితే వైద్యుడు సర్దుతారు.

ఆకుల పొడి వెంటనే ఆపించండి. అందులో ఏముందో ఇచ్చినవారికే సరిగా తెలిసి ఉండకపోవచ్చు. ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు, సీసం, పాదరసం బయటపడిన సందర్భాలున్నాయి. పైగా ఇమాటినిబ్ కాలేయంలో కరిగే దారినే ఎన్నో మందులు, మూలికలు కూడా వాడుకుంటాయి. కొన్ని దాని మోతాదును రక్తంలో పెంచేస్తాయి, కొన్ని తగ్గించేస్తాయి. క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్ బాగా తగ్గించే రకం. అందుకే జ్వరానికైనా, దగ్గుకైనా షాపులో అడిగి ఏదో ఒకటి వేసుకోవద్దు. చదువుకున్న ఇంట్లోనే ఇలా జరిగితే ఎవరికి చెప్పాలి?

ఇప్పుడు మీ ప్రశ్నలు. సీఎంఎల్‌లోని క్రోమోజోము మార్పు మీ నాన్నగారికి పుట్టుకతో వచ్చింది కాదు. పెద్దయ్యాక ఎముక మజ్జలోని ఒక మూలకణంలో ఏర్పడింది. బీజకణాల్లో అది ఉండదు కాబట్టి మీకూ, మీ అక్కకూ సంక్రమించదు. మీ ఇద్దరికీ ఏ లక్షణాలూ లేకపోతే జన్యు పరీక్ష అవసరం లేదు, దాని కోసం డబ్బు ఖర్చు పెట్టకండి. సంబంధం వారు అడిగితే ఇదే చెప్పండి. జన్యువును సరిదిద్దే చికిత్స సీఎంఎల్‌కు మామూలు వైద్యంలో ఇంకా లేదు.

మాత్రను ఎప్పటికీ ఆపకూడదా అంటే, కొందరికి ఆపుతాం. అందుకు ఏళ్ళ తరబడి మందు వాడి ఉండాలి, పీసీఆర్ 0.01 శాతం లేదా అంతకంటే కింద కనీసం రెండేళ్ళు నిలకడగా ఉండాలి, ఆపాక మొదటి నెలల్లో నెలనెలా పీసీఆర్ చేయాలి. అంత జాగ్రత్తగా ఆపినా దాదాపు సగం మందిలో జబ్బు తిరిగి వస్తుంది, ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. ఆ నిర్ణయం వైద్యుడిది. మూడేళ్ళకే బ్యారన్ దగ్గర తీసుకునేది కాదు.

ఖర్చు భారమై మానేస్తున్నారేమో కూడా కనుక్కోండి, తండ్రులు ఇది పిల్లలకు చెప్పరు. ఒకప్పుడు విదేశీ కంపెనీ మాత్రలు నెలకు లక్ష రూపాయలు దాటేవి. పేటెంటు ఇవ్వడం కుదరదని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మన దేశపు మాత్రలు అందులో చిన్న వంతుకే దొరుకుతున్నాయి. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో మీకు ఏం వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

జ్వరం, ఎడమ డొక్కలో బరువు, చిగుళ్ళ నుంచి రక్తం, ఒంటి మీద నల్లటి మచ్చలు, బరువు తగ్గడం వీటిలో ఏది కనిపించినా ఫోన్‌తో సరిపెట్టకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. లేకపోయినా ఈ వారంలో సీబీపీ, పీసీఆర్, కాలేయ పరీక్షలు ఆయన వైద్యుడి సలహాతో చేయించండి. వెళ్ళేటప్పుడు పాత రిపోర్టుల ఫైలు, మాత్రల లెక్క రాసిన కాగితం, ఆ పొడి పొట్లం కూడా పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టండి. పొడి సంగతి దాచవద్దు.