పాయిన్‌సెట్టియా ఎర్రబడట్లేదా? మందు కాదు, ముందు లైటు ఆపండి

ప్రశ్న: కడియం దగ్గర మా నర్సరీలో ఈ ఏడాది పాయిన్‌సెట్టియా (క్రిస్మస్‌కి పై ఆకులు ఎర్రబడే అలంకార మొక్క) కుండీలు పెంచాం. నవంబరు సగం దాటింది. గోడ పక్క వరుసలు ఎర్రబడుతున్నాయి కానీ షెడ్డు దగ్గరవి పచ్చగానే ఉన్నాయి. పై ఆకుల అంచులు పసుపు రంగుకి తిరిగాయి. ఇనుము లోపం అని షాపులో చెప్తే సూక్ష్మపోషకాల మందు, 0-0-50 (పొటాష్ ఎరువు) మూడేసి సార్లు కొట్టాం. మొక్క పొట్టిగా గుబురుగా ఉండాలని లిహోసిన్ లీటరుకు 6 మి.లీ. చొప్పున రెండుసార్లు కొట్టాం. లారీలకు రాత్రిపూట లోడింగు ఉంటుంది కాబట్టి షెడ్డు మీద ఎల్ఈడీ ఫోకస్ లైటు వేస్తాం. తెల్లదోమ కూడా ఉంది. క్రిస్మస్‌కి రంగు రావాలంటే ఏం కొట్టాలి?

జవాబు: ఏమీ కొట్టొద్దు. ఇది ఇనుము లోపం కాదు, పొటాష్ లోపం అంతకన్నా కాదు. మీ ఉత్తరంలో ఏదో మాటవరసకి చెప్పిన ఆ ఫోకస్ లైటే అసలు కారణం.

పాయిన్‌సెట్టియాకి రంగు రావాలంటే రాత్రి పొడవుగా ఉండాలి, ఆ రాత్రంతా చీకటిగానూ ఉండాలి. మన ప్రాంతంలో సెప్టెంబరు చివర్నుంచి పగలు పన్నెండు గంటలకి తగ్గుతుంది కదా, మొక్క అప్పుడు పూతకి తిరుగుతుంది. ఆ తర్వాత రకాన్ని బట్టి 7 నుంచి 10 వారాల్లో పై ఆకులు ఎర్రబడతాయి. మధ్యలో రాత్రుళ్ళు వెలుతురు తగులుతూ ఉంటే లెక్క తప్పుతుంది. దానికి పెద్ద వెలుగు కూడా అక్కర్లేదు, 10-20 లక్సులు చాలు. వెన్నెల లేని రాత్రి ఆ వరుసల్లో నిలబడి మొక్క మీద చెయ్యి అడ్డం పెట్టండి, ఆకు మీద చేతి నీడ కనిపించిందంటే ఆ వెలుగు మొక్కకి తగులుతున్నట్టే. మీరు పంపిన ఫొటోల్లో మూడోది మళ్ళీ ఒకసారి చూసుకోండి: ఒకే కుండీలో గోడ వైపు కొమ్మ ఎర్రగా, షెడ్డు వైపు కొమ్మ పచ్చగా ఉంది. పోషక లోపమైతే ఒకే వేరు మీదున్న రెండు కొమ్మలు ఇలా చెరో రంగులో ఉండవు.

ఇక పసుపు అంచుల సంగతి. ఇనుము లోపమైతే లేత ఆకు మొత్తం పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. మీ ఆకుల్లో లోపలంతా పచ్చగానే ఉంది, మందు జారి నిలిచిన అంచు, కొన మాత్రమే పసుపెక్కాయి. అది లిహోసిన్ దెబ్బ. అందులో క్లోర్‌మెక్వాట్ 50 శాతం ఉంటుంది, లీటరుకు 3 మి.లీ. కలిపితే 1500 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 1500), పాయిన్‌సెట్టియాకి అదే గరిష్ఠ మోతాదు. మీరు సరిగ్గా రెట్టింపు కొట్టారు. ఆ ఆకులు మళ్ళీ పూర్తిగా పచ్చబడకపోవచ్చు, కొత్తగా వచ్చేవి బాగానే వస్తాయి. ఇప్పుడు ఇంకోసారి కొడితే మాత్రం ఎర్ర ఆకులు చిన్నవిగా, ముడుచుకుని వస్తాయి కాబట్టి డబ్బా మూత పెట్టి పక్కన పెట్టేయండి.

ఇంకో మాట గట్టిగానే చెప్పాలి. ఆకు పసుపెక్కితే ఒక మందు, రంగు రాకపోతే ఒక మందు, పొడుగు పెరిగితే ఇంకో మందు అని షాపతను ఇచ్చాడు, మీరు కొట్టారు. ఆయన మీ తోటకి వచ్చాడా, రాత్రిపూట లైటు సంగతి అడిగాడా, కుండీలోంచి కారే నీళ్ళలో ఉప్పు ఎంతుందో చూశాడా? నర్సరీల్లో నేను చూసే మొక్కల్లో తెగుళ్ళతో పాడైనవాటి కన్నా మందులు ఎక్కువై పాడైనవే ఎక్కువ, ఆ డబ్బు మీ జేబులోంచే పోతోంది, అందుకే నాకింత బాధ.

ఇప్పుడు చేయాల్సిన పని ఇది. ఈ రాత్రి నుంచే ఆ లైటు ఆపండి. లోడింగు తప్పదంటే లైటుకి రేకు గొడుగు పెట్టి వెలుగు లారీ మీదే పడేలా కిందికి తిప్పండి, లేదా కుండీలనే గోడ వెనక్కి మార్చండి. ఎర్ర కాగితం చుడితే సరిపోతుందని ఎవరైనా చెప్తే వినొద్దు, మొక్కని ఎక్కువగా చెడగొట్టేది ఆ ఎర్ర వెలుగే. ఏదీ కుదరకపోతే సాయంత్రం ఐదున్నరకి మందపాటి నల్ల గుడ్డ కప్పి మర్నాడు ఉదయం ఏడున్నరకి తీయండి, పద్నాలుగు గంటల చీకటి వస్తుంది. నల్ల పాలిథిన్ వద్దు, లోపల ఉక్క పెరిగి రంగు ఇంకా ఆలస్యమవుతుంది. రాత్రి వేడి 24 డిగ్రీలు దాటితే చీకటి ఉన్నా పూత వెనకబడుతుంది, కోస్తాలో రంగు కొండ ప్రాంతాల కన్నా ఆలస్యంగా రావడానికి అదే కారణం. పగలు మాత్రం ఎండ బాగా తగలాలి, షేడ్‌నెట్ ఉంటే తీసేయండి.

నిజం చెప్పాలంటే షెడ్డు దగ్గరి మొక్కలు క్రిస్మస్‌కి అందవు. ఇవాళ చీకటి మొదలుపెట్టినా జనవరి రెండో వారానికి గానీ రంగు రాదు. వాటిని సంక్రాంతి తర్వాత అమ్మకానికి అనుకోండి, క్రిస్మస్ ఆర్డర్లకి గోడ పక్క వరుసలు ఇవ్వండి. పచ్చ మొక్కల మీద 'కలర్ బూస్టర్' అంటూ ఇంకో సీసా అంటగడితే తీసుకోకండి.

ఎరువు రెండు వారాలు ఆపండి. ఒక కుండీకి బాగా నీళ్ళు పోసి, గంటాగి ఇంకో 100 మి.లీ. పోసి, కింద కారిన నీళ్ళు పట్టి ఈసీ (నీళ్ళలో ఎరువు ఉప్పు ఎంతుందో చెప్పే కొలత), పీహెచ్ చూపించండి. పీహెచ్ 5.8 నుంచి 6.3 మధ్య ఉండాలి. ఈసీ 5 దాటితే మంచినీళ్ళు రెండుసార్లు బాగా పారించి ఉప్పు కడిగేయండి. తర్వాత 19-19-19 లీటరుకు 1 గ్రాము వారానికి ఒకసారి చాలు.

తెల్లదోమకి పసుపు జిగురు అట్టలు మొక్కల తలల ఎత్తులో కట్టండి. వేపమందు 1500 పీపీఎం లీటరుకు 5 మి.లీ. సాయంత్రం ఆకుల అడుగున తడిచేలా కొట్టండి, ముందు నాలుగు మొక్కల మీద చూశాకే మిగతావాటికి. అదీ పచ్చ మొక్కల మీద మాత్రమే. ఎర్రబడినవాటి మీద ఏ నూనె మందు పడినా మచ్చలొస్తాయి, ఇక వాటిని ఎవరూ కొనరు.

వచ్చే ఏడాదికి జూన్, జూలైల్లో తల్లి మొక్కల నుంచి కొన కత్తిరింపులు నాటండి. ఆగస్టు చివరి వారంలో ఐదారు ఆకులు వదిలి తల తుంచండి, తుంచిన చోట కారే పాలు చేతికి, కంటికి తగలకుండా గ్లౌజులు వేసుకోండి. పక్క చిగుళ్ళు రెండంగుళాలయ్యాక లిహోసిన్ లీటరుకు 2 మి.లీ., చల్లటి పూట, అవసరమైతే పదిహేను రోజులకి ఇంకోసారి. అక్టోబరు మొదటి వారం దాటాక ఆ మందు ముట్టుకోవద్దు. సెప్టెంబరు 25 నుంచి ఆ షెడ్డు వైపు లైటు వెయ్యకండి, కత్తిరింపులు కొనేటప్పుడు ఏడెనిమిది వారాల్లో రంగొచ్చే రకమేనా అని అడిగి మరీ తీసుకోండి.