ఎన్నారై సందేహాలు: పెద్ద హార్డ్ డిస్కు ఒకటి కొనాలా, చిన్నవి రెండా?

నవంబరు రాగానే ఈ సందేహం తప్పకుండా వస్తుంది. థాంక్స్‌గివింగ్ మర్నాటి చవక బేరాల ప్రకటన ఒకటి ఫోనులో పంపి, "అన్నయ్యా, 8 టెరాబైట్ల డిస్కు ఇంత తక్కువకు ఇస్తున్నారు, తీసుకోమంటారా? లాప్‌టాప్‌లో చోటు లేదు, అక్క పెళ్లి వీడియోలన్నీ పెన్‌డ్రైవుల్లోనే ఉన్నాయి" అని అడుగుతారు. ఆగస్టులో విద్యార్థి వీసా మీద అమెరికాలో దిగి, చలికాలం రాకముందే 256 గిగాబైట్ల లాప్‌టాప్ నింపేసినవాళ్లే వీళ్లలో ఎక్కువ.

నా సలహా ఎప్పుడూ ఒకటే. ఆ పెద్దది వద్దు, 4 టెరాబైట్లవి రెండు తీసుకోండి (టెరాబైటంటే వెయ్యి గిగాబైట్లు). రెండిటికీ కలిపి కొంచెం ఎక్కువైనా సరే. ఒకటి ఇక్కడ మీ బల్ల మీద ఉంటుంది, రెండోది విజయవాడలోనో వరంగల్లోనో అమ్మానాన్నల బీరువాలో ఉంటుంది. రెండిట్లోనూ ఉండేది ఒకటే సరుకు.

కారణం చెబుతాను. హార్డ్ డిస్కు తిరిగే యంత్రం. లోపలి పళ్లేలు నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతుంటే, వాటిని తాకీ తాకకుండా చదివే మొన కదులుతూ ఉంటుంది. ఏ కంపెనీది కొన్నా, ఎంత పెట్టి కొన్నా, ఏదో ఒక రోజు ఆగిపోతుంది. వారంటీ ఉంటే కొత్త డిస్కు ఇస్తారు, అందులోని మీ ఫొటోలు మాత్రం ఇవ్వరు. వాటిని వెలికితీసే ప్రయోగశాలలు వందల నుంచి వేల డాలర్ల దాకా అడుగుతాయి. పైగా మనవాళ్లలో చాలామంది లాప్‌టాప్‌లోని ఫొటోలను డిస్కులోకి మార్చేసి, చోటు కోసం లాప్‌టాప్‌లోవి చెరిపేసి, "బ్యాకప్ చేశాను" అంటారు. అది బ్యాకప్ కాదు, కాపురం మార్చడం. ఉన్న ఒక్క ప్రతి చిరునామా మారింది, అంతే.

దొంగతనం, నిప్పు, వరద వంటివి కూడా ఉన్నాయి కాబట్టి, మూడు ప్రతులు ఉండాలని, రెండు రకాల సాధనాల మీద ఉండాలని, ఒకటైనా వేరే ఊళ్లో ఉండాలని కంప్యూటర్లవాళ్లు చెబుతారు. ఆ వేరే ఊరి ప్రతి కోసం ఇక్కడివాళ్లు నెలనెలా అద్దె కట్టి ఇంటర్నెట్‌లో దాచుకుంటారు. అదీ మంచిదే, కానీ ఇళ్లలోని చాలా ఇంటర్నెట్ కనెక్షన్లకు దించుకునే వేగం ఉన్నంతగా ఎక్కించే వేగం ఉండదు. సెకనుకు 20 మెగాబిట్ల చొప్పున 2 టెరాబైట్లు ఎక్కించాలంటే రాత్రింబగళ్లు నడిపినా తొమ్మిది రోజులు దాటుతుంది. నెలకు ఇంతే వాడాలన్న పరిమితి కూడా కొన్ని కనెక్షన్లకు ఉంటుంది. మనకేమో సముద్రాల అవతల సొంత ఇల్లు ఉంది, అందులో తాళం వేసే బీరువా ఉంది, అద్దె లేదు.

ఇక కొనడం సంగతి. ఈ డిస్కులు రెండు రకాలు. అరచేతిలో పట్టే చిన్నది యూఎస్‌బీ తీగ నుంచే కరెంటు తీసుకుంటుంది. ఇటుకంత పెద్దదానికి విడిగా అడాప్టర్ కావాలి. చిన్న రకంలో తయారయ్యేవి 5, 6 టెరాబైట్ల దగ్గరే ఆగిపోతాయి కాబట్టి 8 అన్నారంటే అది ఇటుక రకమే. బల్ల మీదే ఉండిపోయేదానికి ఇటుక మేలు. వేగం ఎక్కువ, టెరాబైటుకు పడే ధర తక్కువ. విమానం ఎక్కాల్సినదైతే అరచేతి రకమే తీసుకోండి.

ఇటుక రకాన్ని ఇండియా తీసుకెళ్లవచ్చా అని అడుగుతారు. అడాప్టర్‌ను తిప్పి, దాని మీది సన్నటి అక్షరాలు చదవండి. ఇన్‌పుట్ అన్నచోట 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే ఇక్కడి 120 వోల్టులకూ, మన 230 వోల్టులకూ సరిపోతుంది. మూడు పిన్నుల ప్లగ్గు తొడుగు ఒకటి చాలు, ట్రాన్స్‌ఫార్మర్ అక్కరలేదు. ఆ కిందే అవుట్‌పుట్ 12 వోల్టులు అని ఉంటుంది, అసలు ప్రమాదం అక్కడుంది. ఇంట్లో రూటరుదీ, మానిటర్‌దీ, పాత లాప్‌టాప్‌దీ అన్నీ నల్ల అడాప్టర్లే, కొన్నిటి పిన్నులు ఒకే కొలత. లాప్‌టాప్ తాలూకు 19 వోల్టుల పిన్ను డిస్కు రంధ్రంలో చక్కగా కూర్చుని, డిస్కులోని బోర్డును కాల్చేయగలదు. అందుకే పెట్టె విప్పిన రోజే తెల్ల టేపు ముక్క అంటించి, దేని అడాప్టరో దాని పేరు రాయండి.

బేరాల గురించి ఒక హెచ్చరిక. 16 టెరాబైట్ల బుల్లి డిస్కు 30 డాలర్లకే అని కనిపిస్తే అది మోసం, ఆలోచించే పనే లేదు. లోపల ఒక చిన్న మెమరీ కార్డు ఉంటుంది. కంప్యూటర్‌కు మాత్రం 16 అని అబద్ధం చెప్పేలా చేసి ఉంటారు. మీరు ఫైళ్లు వేస్తుంటే తీసుకుంటూనే ఉంటుంది, నిజమైన చోటు అయిపోయాక పాతవాటి మీదే కొత్తవి రాస్తుంది. పేర్లన్నీ కనబడతాయి, తెరవబోతే చాలావరకు తెరుచుకోవు. పేరున్న దుకాణంలో కొన్నా సరే, వాపసు గడువు ముగిసేలోగా డిస్కును ఒకసారి నింపి, తిరిగి చదివించి చూడండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు ఆ పని చేస్తాయి. కొత్తగా వచ్చినవాళ్ల కోసం ఇంకో మాట. అట్ట మీది ధరకు బిల్లు దగ్గర అమ్మకపు పన్ను కలుస్తుంది. ఆరెగాన్, డెలవేర్, న్యూహాంప్‌షైర్, మోంటానాల్లో ఉన్నవాళ్లకు ఆ బాధ లేదు.

4 టెరాబైట్ల డిస్కు పెడితే విండోస్ 3.63 అని చూపిస్తుంది. ఇది మాత్రం మోసం కాదు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, విండోస్ 1,024 చొప్పున లెక్కిస్తుంది. దుకాణానికి వెళ్లి గొడవ పెట్టుకోకండి.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని పని, ఫార్మాట్. అంటే డిస్కును ఖాళీ చేసి, ఫైళ్లు ఏ పద్ధతిలో రాయాలో అందులో ఏర్పరచడం. బజారులో దొరికే డిస్కులు ఎక్కువగా విండోస్‌కు పనికొచ్చే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో వస్తాయి. మ్యాక్ దాన్ని చదువుతుంది కానీ రాయదు. మ్యాక్ సొంత పద్ధతిలో మార్చుకుంటే విండోస్ అసలు చదవదు. మీ ఇంట్లో మ్యాక్, మీ నాన్నగారింట్లో విండోస్ అయితే ఎక్స్‌ఫాట్ పద్ధతిలో ఫార్మాట్ చేయండి, రెండూ చదువుతాయి, రాస్తాయి. పాత ఫాట్32 జోలికి పోవద్దు. అందులో 4 గిగాబైట్లు దాటిన ఫైలు పట్టదు, మన పెళ్లి వీడియో ఒక్కొక్కటి అంతకంటే పెద్దదే. ఎక్స్‌ఫాట్‌కు ఒక బలహీనత ఉంది. రాస్తుండగా తీగ లాగితే తట్టుకోలేదు. బయటికి తీసే ముందు ఎజెక్ట్ నొక్కడం అలవాటు చేసుకోండి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లో, ఇటుక రకాన్ని ఇన్వర్టర్ మీదో యూపీఎస్ మీదో నడపమని ఇంట్లో చెప్పండి.

అసలు నష్టం ఎక్కువగా జరిగేది ఇండియాలోని కంప్యూటర్ దగ్గరే. మీరు మ్యాక్ పద్ధతిలో ఉన్న డిస్కు పంపారనుకోండి. నాన్నగారు దాన్ని తగిలిస్తారు. తెర మీద ఇంగ్లీషులో ఒక చిన్న పెట్టె వస్తుంది: ఈ డిస్కును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా? దాని కింద రెండు బొత్తాలు, మొదటిదే ఫార్మాట్. మంచిదేనేమో అని ఆయన అది నొక్కుతారు. బీరువా మీది పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌తో ఇంకో చిక్కు ఉంది, 2 టెరాబైట్లు దాటిన డిస్కులను చాలా సందర్భాల్లో అది గుర్తించలేదు. అందుకే డిస్కు పెట్టె మీదే తెలుగులో పెద్దక్షరాలతో రాసి పంపండి: "ఫార్మాట్ అని అడిగితే వద్దు అనండి, నాకు ఫోన్ చేయండి." ఒకవేళ నొక్కేశారని తెలిస్తే, అందులో ఇంకేమీ వేయనివ్వకుండా వెంటనే తీసి పక్కన పెట్టించండి. త్వరగా ముగిసే ఫార్మాట్ అయితే లోపలి ఫైళ్లను చాలావరకు రాబట్టవచ్చు.

మొదటిసారి నింపడానికి రాత్రంతా పడుతుందని ముందే అనుకోండి. సెకనుకు 120 మెగాబైట్ల వేగంతో 4 టెరాబైట్లు నిండాలంటే తొమ్మిది గంటల పైనే. పాత యూఎస్‌బీ 2 రంధ్రంలో పెడితే ఒక రోజు దాటిపోతుంది. లోపల నీలం రంగు ఉన్న రంధ్రం సాధారణంగా వేగమైనది. లాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగు మార్చండి. డిస్కు టిక్కు టిక్కుమంటూ మాటిమాటికీ మాయమైతే కంగారు పడకండి, ముందు మధ్యలో ఉన్న హబ్బు (ఒక యూఎస్‌బీ రంధ్రాన్ని నాలుగైదుగా చేసే పెట్టె) తీసేసి, పొట్టి తీగతో నేరుగా లాప్‌టాప్‌కు తగిలించండి. చాలాసార్లు అది కరెంటు చాలకపోవడమే. అప్పటికీ టిక్కుమంటుంటే అవసరమైనవి ముందు కాపీ చేసుకోండి.

మిషిగన్, మినసోటా చలిలో ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. రాత్రంతా కారులో ఉండిపోయిన డిస్కును వెచ్చటి గదిలోకి తెచ్చి వెంటనే తగిలించకండి. చల్లటి లోహం మీద గదిలోని తేమ నీటి చుక్కలుగా పేరుకుంటుంది. సంచిలోనే కొన్ని గంటలు ఉంచి, గది వేడికి వచ్చాక వాడండి.

పాస్‌పోర్టు నకళ్లు, విద్యార్థి వీసాకు కాలేజీ ఇచ్చే ఐ-20, జీతం, పన్ను లెక్క చూపే డబ్ల్యూ-2, సోషల్ సెక్యూరిటీ నంబరు ఉన్న కాగితాలు ఇదే డిస్కులో విడి ఫోల్డరుగా పెట్టకండి. వాటికి వెరాక్రిప్ట్ వంటి ఉచిత ప్రోగ్రాముతో తాళం వేసిన పెట్టె చేసి అందులో ఉంచండి. విండోస్ హోమ్ రకంలో విండోస్ సొంత తాళమైన బిట్‌లాకర్‌తో డిస్కుకు తాళం వేసే వీలు ఉండదు. డిస్కు మొత్తానికీ తాళం వేయాలని మాత్రం నేను చెప్పను. సంకేతపదం మరచిపోయి అమ్మ తన మనవరాలి ఫొటోలు చూసుకోలేకపోతే ఆ భద్రత ఎవరికోసం?

ప్రయాణంలో డిస్కును చేతిసంచిలోనే, బట్టల మధ్య పెట్టుకోండి. తనిఖీ యంత్రపు ఎక్స్‌రే దానికేమీ చేయదు. కిందపడటమే దాన్ని చంపుతుంది, అందులోనూ తిరుగుతున్నప్పుడు పడితే. ఇండియా వెళ్లిన ప్రతిసారీ ఇక్కడి తాజా డిస్కు తీసుకెళ్లి అక్కడ పెట్టి, అక్కడున్నది తెచ్చుకుని కొత్తవి చేర్చండి. మీరు వెళ్లలేని ఏడాది, పర్యాటక వీసా మీద మీ దగ్గరికి వచ్చే అమ్మానాన్నలు ఆ పని చేస్తారు. ఆవకాయ సీసా పెట్టెలో, డిస్కు చేతిసంచిలో.

ఫోల్డర్లకు పేర్లు పెట్టేటప్పుడు ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ రాయండి: 2019-08-05. మనం 05-08 అంటే ఆగస్టు 5, అమెరికాలో మే 8. కొన్నేళ్లకు ఏది ఏదో మీకే తెలియదు. వాట్సాప్‌లో వచ్చిన పెళ్లి ఫొటోలతో సరిపెట్టుకోకండి, మామూలుగా పంపితే అది ఫొటోను కుదించేస్తుంది. అసలు ఫైళ్లు ఫొటోగ్రాఫర్ దగ్గర ఎక్కువ కాలం ఉండవు, వెంటనే అడిగి డిస్కులోకి ఎక్కించుకోండి.

ఇంత చేసినా 4 టెరాబైట్లు మామూలు కుటుంబానికి అంత తొందరగా నిండవు. మిగిలిన చోటు ఎలా వాడాలో కూడా చెబుతాను. అమ్మానాన్నల పెళ్లిదో, మీ అన్నప్రాసనదో వీహెచ్‌ఎస్ క్యాసెట్టు అటకమీద ఉండే ఉంటుంది. ఆ క్యాసెట్లు ఆడించే యంత్రాలు చేసిన చివరి పెద్ద కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016లోనే తయారీ ఆపేసింది. పనిచేసే యంత్రం ఇప్పటికీ ఉన్న స్టూడియోలు హైదరాబాద్‌లో ఉన్నాయి. డీవీ అనే డిజిటల్ పద్ధతిలో మార్పిస్తే గంట టేపుకు సుమారు 13 గిగాబైట్లు అవుతుంది, గంట నిడివివి 20 క్యాసెట్లు ఉన్నా మీ డిస్కులో పదో వంతు కూడా నిండదు. ఈసారి వెళ్లినప్పుడు మొదటి వారంలోనే వాటిని స్టూడియోలో ఇవ్వండి, తిరుగు ప్రయాణం లోపు పని పూర్తవుతుంది. మార్చాక బూజు పట్టినవైనా సరే, ఆ క్యాసెట్లను పారేయనివ్వకండి.